కాకి నీడ, చీమల గింజ

వాగు ఒడ్డున రేగుపొదలో కాలు విరిగిన పూరేడు పిట్ట ఒకటి ఉండేది. తిండికి దాని పిల్లలే చీమలపుట్టదాకా నడవాలి. చీమలు అడిగినవాళ్ళకల్లా గింజలు పెట్టేవి. పిల్లల్ని ఎత్తుకుపోయే గద్దను తరమడానికి కాకులూ ఉన్నాయి. అయినా పిల్లల కడుపులు మాత్రం వీపుకంటుకుపోయాయి. కాకులు వస్తే ఆ నీడకు బెదిరి చీమలు ద్వారం మూసేవి. కాకులు పోయాక తెరిస్తే, గద్ద దిగేది.

పూరేడు పెద్ద చీమనూ, ఒక కాకినీ పొద దగ్గరికి పిలిపించింది.

"గింజలు పెడుతూనే ఉన్నాం కదమ్మా, తీసుకోరేం?" అంది పెద్ద చీమ, ఆకు చాటునుంచి.

"మేమూ కావలి కాస్తూనే ఉన్నాం," అంది కాకి.

"ఇద్దరూ మంచివాళ్ళే. మీలో మీరెప్పుడైనా మాట్లాడుకున్నారా?" అంది పూరేడు, పిల్లల్ని రెక్క కిందికి లాక్కుంటూ.

కాకి చీమవైపు తిరిగింది. "ఏం వదినా, నా నీడంటే అంత భయమా? చెబితే దూరంగా ఆ తుమ్మకొమ్మ మీదే కూర్చునేదాన్నిగా."

"నువ్వక్కడుంటే మేం ఈ పొద కిందికే దారి తవ్వేస్తాం," అంది చీమ.

పొద్దువాలేసరికి పొద మొదట్లో కొత్త ద్వారం తెరుచుకుంది. పిల్లలు గొంతుదాకా తిన్నాయి. తుమ్మ మీద కాకులన్నీ ఒక్కపెట్టున అరిచాయి. ఆ పూట వాగు ఒడ్డునుంచి ఆకలితో వెళ్ళింది గద్ద ఒక్కటే.