హిల్డింగ్ కూతురు

"మా నాన్న మీద వీడియో తీసేముందు నన్ను అడగాలని తెలీదా నీకు?"

తలుపు తీయగానే ఎదురుగా నిలబడ్డ ముసలావిడ అన్న మాట అది. ఎస్కిల్ నోరు తెరిచేలోపే ఆవిడ బూట్లు గుమ్మం దగ్గర విప్పేసి, మేజోళ్లతో లోపలికొచ్చి వంటింటి బల్ల ముందు కూర్చుంది. చేతిలో 1 అని అచ్చేసిన చిన్న చీటీ ఉంది. మందుల షాపులో ఇచ్చిన వరస చీటీ కాబోలు అనుకున్నాడు.

"మీ నాన్నగారు ఎవరండీ?"

"హిల్డింగ్. బూట్లు కుట్టే హిల్డింగ్. నా పేరు గున్‌బ్రిట్."

ఎస్కిల్‌కి నవ్వొచ్చింది. 1958 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో స్వీడన్‌లోని ఉడ్డెవల్లా ఊరికి ఆడటానికొచ్చిన జట్టుకి, మ్యాచ్ రోజు పొద్దున్నే పదకొండు జతల బూట్లు కుట్టిచ్చి డబ్బు వద్దన్న హిల్డింగ్ అసలు పుట్టనేలేదు. కథ అల్లింది ఏఐ, బొమ్మలు గీసింది ఏఐ, చెప్పిన గొంతూ దానిదే. ఎస్కిల్ ముఖం అందులో ఎక్కడా కనపడదు. అతను చేసిందల్లా మీట నొక్కడం. ఈ ఏడు ప్రపంచకప్ మొదలయ్యాక ఆ వీడియోని పద్నాలుగు లక్షల మంది చూశారు. ఆ ధీమాతో గోదాములో ఉద్యోగం మానేశాడు.

"ఆ వీడియో నాదని మీకెవరు చెప్పారు?"

"నువ్వే. కింద అందరం బట్టలుతుక్కునే లాండ్రీ గదిలో ఫోన్‌లో గొప్పలు పోతున్నావు. పక్క మెషీన్లో నా దుప్పట్లు తిరుగుతున్నాయి."

"చూడండి పెద్దమ్మా, నిజం చెప్పాలంటే..."

అక్కడే ఆగిపోయాడు. బల్లమీద లాప్‌టాప్‌లో వీడియోల కంపెనీ నోటీసు తెరిచి ఉంది. హిల్డింగ్ కల్పితమని ఎవరో ఫిర్యాదు చేశారు. నువ్వు నిజజీవిత గాథ అని పెట్టావు కనుక అలాంటి మనిషి ఉండేవాడని అయిదింటిలోగా రుజువు చూపించు, లేకపోతే ఛానల్ మూసేస్తాం అని ఉంది అందులో. అప్పటికి నాలుగు దాటింది.

గున్‌బ్రిట్ కళ్లజోడు పెట్టుకుని నోటీసు మొత్తం చదివింది.

"ఏమిటంట ఆ ఫిర్యాదు చేసినవాళ్ల బాధ?"

"పొద్దున సీన్లో ఆయనకి మీసం ఉంది, మధ్యాహ్నం సీన్లో లేదంటున్నారు."

"మధ్యలో గొరిగేసుకున్నాడు. భోజనానికి సూపు. మీసానికి అంటుకుంటుంది."

"సాయంత్రానికి మళ్లీ వచ్చేసిందట."

"జుట్టు ఒత్తుగా పెరిగే వంశం మాది."

"కుడిచేతికి ఆరు వేళ్లున్నాయట."

"ఉండవూ మరి! ఆయన కుట్టు అంత గట్టిగా ఎందుకు పడేదనుకున్నావు?"

ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. ఎస్కిల్ లేచి కాఫీ పెట్టాడు. దాల్చినచెక్క బన్నులు రెండుంటే రెండూ ఆవిడ ముందే పెట్టాడు.

"ఇప్పుడు చెప్పిందంతా రాసిస్తారా?"

"ఏమిస్తావు?"

"మీ నాన్నగారు డబ్బు ముట్టుకోలేదు కదండీ."

"వద్దన్నది మా నాన్న. నేను కాదు. నెలకి రెండు వేల క్రోనర్లు, నీ ఛానల్ నడిచినన్నాళ్లూ."

ఎస్కిల్ లోపల లెక్కేసుకున్నాడు. ఛానల్ పోతే మళ్లీ గోదాముకి పోయి పెట్టెలు మోయాలి. రెండు వేలతో పోయేదానికి బేరమెందుకు? సరేనన్నాడు.

ఆవిడ చెప్పింది, అతను టైపు చేశాడు. హిల్డింగ్ నిజంగా జీవించిన మనిషి. ఆయన కథ మీద నేను సంపాదిస్తున్నాను. ఆయన బిడ్డలు ఎవరు వచ్చి అడిగినా నెలకు రెండు వేల క్రోనర్లు ఇస్తాను.

"బిడ్డలు ఎవరొచ్చినా అనడం ఎందుకు? మీ పేరు రాసేస్తే పోతుందిగా?"

"ముప్పై ఏళ్లు కోర్టులో టైపు కొట్టాను బాబూ. కాగితం మీద అలాగే రాస్తారు."

ఎస్కిల్ మీట మీంచి వేలు తీశాడు. "మీకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఎవరైనా...?"

"మా అమ్మకి నేనొక్కదాన్నే."

గడియారం చూసుకున్నాడు. నాలుగున్నర. దాని కిందే ఆవిడ సాక్ష్యం కూడా రాసి, రెండు ప్రతులు తీసి, ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఫొటో తీసి కంపెనీకి పంపాడు. పావుగంటలో జవాబొచ్చింది. రుజువు అందింది, ఫిర్యాదు కొట్టేశాం.

ఎస్కిల్ కుర్చీలో వెనక్కి వాలాడు. హిల్డింగ్ కూతురి మీద ఇంకో వీడియో చేస్తే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించాడు.

గున్‌బ్రిట్ తన ప్రతిని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. మిగిలిన బన్ను కాగితం రుమాల్లో చుట్టుకుంది. నంబరు చీటీ నలిపి అతని చెత్తబుట్టలో పడేసింది. బూట్లు తొడుక్కుని తలుపు తీసింది.

"సంతకం అయిపోయింది," అంది బయటికి చూస్తూ.

ఎస్కిల్ ఆవిడ భుజం మీంచి తొంగిచూశాడు. మూడో అంతస్తు నుంచి కింద వీధి గుమ్మం దాకా, మెట్ల కమ్మీ వెంట ముసలాళ్లు బారులు తీరి ఉన్నారు. తోపులాట లేదు. మనిషికీ మనిషికీ మధ్య రెండేసి మెట్ల ఎడం. ఒకావిడ ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటోంది. అందరి చేతుల్లోనూ చీటీలున్నాయి.

ముందున్న బట్టతల పెద్దాయన బూట్లు అప్పటికే విప్పి చేత్తో పట్టుకున్నాడు. మర్యాదగా తలవంచి చీటీ చూపించాడు.

"రెండో నంబరు నాది బాబూ. హిల్డింగ్ కొడుకుని," అన్నాడు. "మా అమ్మ వేరు."