వేరా అంటే

వేరా తండ్రి ఊరూర తిరిగి రష్యా మీద ఉపన్యాసాలు చెప్పి, ఆఖరికి పట్నంల ఇంకొకామెతోని కాపురం పెట్టిండు. కోరుట్ల బడిల పిల్లలు "వేరేదానా" అని ఎక్కిరించినప్పుడల్లా, ఆ పేరు పెట్టినోడి మీద ఆమెకు అసహ్యం పుట్టేది.

పెద్దయినంక పేరు మార్చుకుందామనుకున్నది. ముందు దాని అర్థమేందో చూద్దామని జగిత్యాల లైబ్రరీకి పోయింది. విజ్ఞాన సర్వస్వంల రష్యా గురించి రాజులు, యుద్ధాలు, చలి ఉన్నయి గాని పేర్ల ముచ్చట లేదు. వ్యాసం కింద చెప్పిన పుస్తకాలల్ల పేర్ల నిఘంటువు ఒకటి కనిపిస్తే, అడిగి తీయించుకున్నది. అండ్ల దొరికింది.

ఇంటికొచ్చి, బీడీలు చేస్తున్న తల్లి రాజవ్వ ముందల కూసొని నవ్వింది.

"వేరా అంటే నమ్మకమట అవ్వా! పెండ్లాన్ని ఇడిసిపెట్టి పోయినోడు బిడ్డకు పెట్టే పేరా గిది? సిగ్గు లేకపోతె సరి. మైకు దొరికితె పెద్ద పెద్ద మాటలు చెప్పుడు తప్ప ఆ మనిషికి ఏం తెల్సు? ఆయన పెట్టిన పేరు నాకొద్దు."

రాజవ్వ చేతులు ఆగినయి.

"నువ్వు పుట్టేటాల్లకే ఆయన పోయిండు బిడ్డా. పేరు పెట్టేనాడు గూడ రాలే."

"మరి ఎవలు పెట్టిన్రు?"

"నేనే. వద్దనుకుంటె మార్చుకో. అప్పట్ల మీటింగుల రష్యా ఆడోళ్ల పేర్లు చెప్తుంటె, గీ పేరుకు అర్థమేందని అడిగిన. నమ్మకమన్నరు. ఆయన మీదున్నది పాయె. ఇంట్ల ఒక్కటన్న ఉండాలె అనుకున్న."