పెద్దల్లుడు చూసిన బండి

“ఇంజను ఇంతేనా?” అన్నాడు పెద్దల్లుడు, బానెట్ కిందికి వంగి.

“అంతేనండి. జర్మనీ వాడు చిన్నదానితోనే పెద్ద చాకిరీ చేయిస్తాడు” అన్నాడు బండి యజమాని. ఆయన పళ్ళ డాక్టరు.

చిన్నల్లుడు వెనకాలే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫొటోగ్రాఫరు. లైట్లు, స్టాండ్లు స్కూటరు మీద మోసీ మోసీ నడుం పడిపోయింది. మొగుడూ పెళ్ళాం కడుపు కట్టుకుని కూడబెట్టింది ఈ ఒక్క బండికే సరిపోతుంది. అది కాస్తా పనికిరానిదైతే మళ్ళీ స్కూటరే గతి.

పెద్దల్లుడు బస్సు డిపోలో సామాన్ల స్టోరు చూస్తాడు. ఇరవై ఏళ్ళుగా నట్లూ బోల్టులూ అందించే మనిషికి బండ్ల గురించి తెలియకుండా ఉండదని అత్తవారింట్లో అందరి నమ్మకం. అలా అని అతని నమ్మకం.

ఆ ఇంట్లో కారున్న అల్లుడు అతనొక్కడే. మామగారు ఆసుపత్రికి వెళ్ళాలన్నా, చుట్టాలింటికి వెళ్ళాలన్నా అతని కారు ముందు సీట్లోనే. ‘మా పెద్దల్లుడి కారు’ అని దిగిన చోటల్లా చెప్తాడు. చిన్నల్లుడి గుమ్మంలోకి జర్మనీ కారు వస్తే ఆ ముసలాయన ఏది ఎక్కుతాడో ఎవరినీ అడగక్కర్లేదు.

పెద్దల్లుడు ఆ కారు తలుపు తీసి, మళ్ళీ వేశాడు. మెత్తగా, బరువుగా మూసుకుంది. తన కారు తలుపు రేకు డబ్బా మూతలా మోగుతుంది. ఇంకోసారి తీసి వేశాడు. మళ్ళీ అంతే మెత్తగా.

“పదకొండేళ్ళ బండి ఇంత మెరుస్తోందేం? పైన రంగేయించారా?”

“లేదండి. గీత పడనివ్వలేదు.”

“పళ్ళ డాక్టరు కదా. లోపల పుచ్చినా పైకి తెల్లగానే చూపిస్తారు.”

డాక్టరు నవ్వలేదు. చిన్నల్లుడు గోడ వైపు చూశాడు.

అల్లుళ్ళిద్దరూ బండెక్కారు. పెద్దల్లుడే నడిపాడు. వంతెన ఎక్కుడు దగ్గర కాలు ఆనించాడో లేదో బండి ముందుకి సాగింది. ఆయాసం లేదు, అరుపు లేదు. అదే ఎక్కుడులో తన కారు రెండో గేరులో మూలుగుతుంది. స్టీరింగు వేలితో తిప్పితే తిరుగుతోంది.

“ఎలా ఉందన్నయ్యా?”

“రోడ్డు చూడనీ.”

తిరిగొచ్చేసరికి పెద్దల్లుడి మొహం మాడిన రొట్టెలా ఉంది. డాక్టరుకి తాళాలిచ్చేసి సందు చివరిదాకా నడిచాక చిన్నల్లుడు ఆగాడు.

“ఇప్పుడు చెప్పండి. మీ మాట వినకుండా నేను అడుగు వెయ్యను.”

“ఏనుగు ఒంట్లో పిల్లి గుండె. టర్బో అని గాలి ఊది పరిగెత్తిస్తారు. ఎన్నాళ్ళు ఊదుతావు?”

“ఎక్కుడు బాగానే ఎక్కింది కదా?”

“ఆరిపోయే దీపం అలాగే వెలుగుతుంది. ఏదన్నా ఊడిందంటే సామాను సముద్రం దాటి రావాలి. వచ్చేదాకా ఇంటి ముందు పెట్టుకుని దుమ్ము దులుపుకో.”

“ధర కొంచెం తగ్గిస్తే?”

“ఊరికే ఇచ్చినా వద్దు.”

చిన్నల్లుడు అతని మొహంలోకి చూశాడు. “ఊరికే ఇచ్చినా?”

“నీ మేలు కోరేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, తమ్ముడూ.”

చిన్నల్లుడు అతని చెయ్యి పట్టుకున్నాడు. “మీరుండబట్టి సరిపోయిందన్నయ్యా” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది కృతజ్ఞతే. అనుమానం లేదు.

పెద్దల్లుడు ఇంటికొచ్చేసరికి భార్య వడ్డించి కూర్చుంది.

“చూశారా? ఎలా ఉంది?”

“ఎలా ఉంటుంది. వాడి మొహంలా ఉంది.”

“గట్టిగానే చెప్పారా? మీరు మొహమాటపడితే వాళ్ళకి తెలియదు.”

“ఊరికే ఇచ్చినా వద్దన్నా.”

“అంత మాట ఇంతకుముందెప్పుడూ అనలేదే మీరు.”

“అంత చెత్త బండి ఇంతకుముందెప్పుడూ చూడలేదు.”

ఆమె అన్నం కలిపే అతని చేతినే చూస్తోంది. రెండు ముద్దలు తిని, మిగిలింది కంచంలో అటూ ఇటూ తోస్తున్నాడు.

“ఇంకాస్త పెట్టనా?”

“ఆకలి లేదు.”

“పొద్దున కూడా సరిగా తినలేదు.”

“లేదన్నాను కదా.” కంచం పక్కకి జరిపాడు. “నా మాట వింటారంటావా? ఆ స్థలమప్పుడూ వద్దన్నా. కొన్నారు. గుడ్డి అదృష్టం, రేటు పెరిగింది. ఫొటో దుకాణానికి ఆ మూల గది వద్దన్నా. అదీ తీసుకున్నారు, అక్కడే గిరాకీ కుదిరింది. వినేవాళ్ళయితే నన్నెందుకు అడగాలి?”

“అయినా అడగడం మానలేదుగా. మీరు చూడందే మా చెల్లెలు గుండుసూది కూడా కొనదు.”

ఆ మాట అతనికి అన్నం కంటే బాగా ఒంటబట్టింది. పెద్దరికం అంటే అదే మరి. వినడం వినకపోవడం వాళ్ళ ఖర్మ. గడప తొక్కి అడిగారా లేదా అన్నదే లెక్క. ఈసారి వాడు వింటాడు కూడా. చెయ్యి పట్టుకున్న తీరు చూస్తే తెలియట్లేదూ. మామగారి సీటు ఎక్కడికీ పోదు.

చెయ్యి కడుక్కుని వెళ్ళి మంచం మీద వాలాడు. కళ్ళు మూసుకుంటే ఆ తలుపు మెత్తగా మూసుకుంటోంది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

భార్య కంచం తీసింది. మిగిలిన మెతుకుల వైపు ఒకసారి చూసి, వంటగది తలుపు దగ్గరగా వేసి, చెల్లెలికి ఫోన్ చేసింది.

“మీ బావ గట్టిగా వద్దన్నారే, కళ్ళు మూసుకుని కొనేయండి.”