బోణీ ఫొటో

"ఈ వయసులో రెండు జడలేందమ్మా?" చెంగల్రాయుడికి నవ్వాగలేదు.

పుంగనూరులో అతని ఫొటో స్టూడియో ఆ ఉదయమే తెరిచారు. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా వాడలేదు. బోణీకి వచ్చిన మునెమ్మ అద్దం ముందు కూర్చుని, నెరుస్తున్న జుట్టును రెండు జడలు అల్లి ఎర్ర రిబ్బన్లు కడుతోంది.

"నవ్వుకోప్పా. ఫొటో మాత్రం సిన్నదే తియ్యి."

"బోణీ బేరం! పెద్దది తీసుకోమ్మా, గోడకు బాగుంటాది."

"వద్దప్పా. నా బిడ్డ సరోజ ఇంతే ఎత్తు." నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

"పాపను గూడా పిల్సకరా. ఇద్దర్నీ కలిపి తీస్తా."

"యాడుండాదప్పా? పోయిన జాతరకు ముందే జొరమొచ్చి సచ్చిపాయ." రిబ్బను ముడి బిగించింది. "నువ్వు అంగడి అప్పుడే తెరిసింటే ఒగ ఫొటో అన్నా ఉండును. మొగం మర్సిపోతాండాను. అందురూ అచ్చం నా మాదిరే ఉంటాదనేవాళ్లు. నన్ను తీసి, సిన్నదిగా సేసియ్యి. సరిపోతాది."

కెమెరాతో అది కాదని చెప్పబోయాడు చెంగల్రాయుడు. ఆ ఎర్ర రిబ్బన్లు చూసి మానుకున్నాడు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చాడు.

"పాప నవ్వేదామ్మా?"

"నవ్వకుండానా! ముందుపళ్లు ఊడినాయని సిగ్గు. ఇట్ల నవ్వేది."

మునెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

చెయ్యి తియ్యమని చెంగల్రాయుడు అనలేదు.