వెబ్‌సైటుకు షట్టర్

"మూసెయ్యి! దుకాణమొక్కటే కాదు బిడ్డా, గా వెబ్‌సైటు గూడ మూసెయ్యి!"

సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చిన వెంకటేశం, కంప్యూటర్ వైపు వేలు చూపించి అరిచాడు. సకల జనుల సమ్మె రోజులవి. సిరిసిల్లలో బంద్ కమిటీకి ఆయనే పెద్ద. పొద్దున్నే తన మరమగ్గాలు ఆపించి, మెడలో కండువా వేసుకుని, ఊళ్లోవాళ్ల మగ్గాలు ఆపించడానికి బయల్దేరిన మనిషి. వెనకున్న కుర్రాళ్లు "జై తెలంగాణ!" అని గొంతు కలిపారు.

ఆ దుకాణంలో వెబ్‌సైట్లు చేసిపెట్టే ప్రవళిక తెల్లబోయింది. "వెబ్‌సైటు మూసుడేంది కాకా?"

"గీడ ఏం రాసినవ్? 'ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటుంది' అని రాయలే? ఊరూరంత బంద్ ఉంటె రాజేశం కంపెనీ ఒక్కటి తెరిచుంటదా? మంచిగనే ఉన్నది మీ కథ!"

పక్క కుర్చీలోనే ఉన్నాడు రాజేశం. ఆ వెబ్‌సైటు ఆయన బట్టల కంపెనీదే. గోదాములో లంగాల గుడ్డ తాన్లు కప్పు దాకా పేరుకుపోయి ఉన్నాయి. కొనేవాడు దొరక్కపోతే మగ్గాలు ఆపేయాలి, బతుకమ్మ పండుగ ముందర పనివాళ్లను ఇంటికి పంపేయాలి.

"గది దుకాణం గాదు కాకా. ఇంటర్నెట్టుకు బందేంది?" అంది ప్రవళిక.

"బందంటె బందే!"

ప్రవళికకు ఒళ్లు మండింది. ఎంత పద్ధతిగా చేసిన పని! ఎవరొచ్చినా ఆమె ముందు అడిగేది ఒక్కటే: "గిది ఎవలు చూడాలె?" జవాబు తేలేదాకా మౌసు ముట్టదు. రాజేశం మొదట "లోకమంత చూడాలె" అన్నాడు. దండం పెడుతున్న తన ఫోటో ఫ్లెక్సీ మీద వేసినట్టు వేయమన్నాడు, చుట్టూ లైట్లు వెలిగి ఆరాలన్నాడు. "లోకానికి లంగాల గుడ్డెందుకు కాకా?" అని ఆమె గుచ్చి గుచ్చి అడిగితే, అది చూడాల్సిన అసలు మనిషి ఎవరో ఆఖరికి తేలింది. ఆ మనిషి ఏం వెతుకుతాడో అవే పెట్టింది. గుడ్డ వెడల్పు, నాణ్యం, ధర, ఫోన్ నంబరు. అన్నీ కాగితం మీద గీసి చూపించి, రాజేశం సరేనన్నాకే రంగులు వేసింది.

"ఇయ్యాల ఒక్కరోజు ఉండనియ్యి కాకా," అని బతిమాలింది. "గిది ఊరందరి కోసం చేసింది గాదు, ఒక్క మనిషి కోసం చేసింది. బొంబాయి సేటు మధ్యాహ్నం చూస్తనన్నడు. నచ్చితే రాజేశం కాక సరుకంత ఎత్తుకపోతడు."

"ఏ సేటు?" అన్నాడు వెంకటేశం.

రాజేశానికి గొప్ప ఆగలేదు. "బొంబాయిల గా కాల్బాదేవి బజారు సేటే అన్నా. లంగాల గుడ్డకు గాయనను మించినోడు లేడు."

వెంకటేశం ఒక్క క్షణం ఆగి గొంతు పెంచాడు. "సేటు ఎక్కువనా, తెలంగాణ ఎక్కువనా?"

ఆ మాటకు ఎదురు చెప్పేవాడు సిరిసిల్లలో ఉంటాడా! రాజేశం లేచి నిలబడ్డాడు. "మూసెయ్యి బిడ్డా. ద్రోహి అని పేరు వడ్డంక ఏం మొఖం వెట్టుకోని తిరుగుత?"

ప్రవళిక పళ్లు కొరుకుతూ పేజీ నిండా దించిన షట్టర్ బొమ్మ పెట్టింది. కింద "బంద్ సందర్భంగా మూసివేయడమైనది. జై తెలంగాణ" అని రాసింది. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. వెంకటేశం రాజేశాన్ని కావలించుకున్నాడు.

"త్యాగమంటె నీదే తమ్మీ!"

సాయంత్రం రాజేశం ఫోన్ చేశాడు. "సేటు చూసిండట బిడ్డా. 'కంపెనీ మూతవడ్డదా? మూతవడ్డోళ్లకు ఆర్డరెట్ల ఇస్త' అన్నడు. గది బంద్ బొమ్మ అని చెప్తుంటె గూడ ఇనకుంట ఫోన్ వెట్టేసిండు."

ప్రవళిక ఫోన్ పెట్టేసి తలపట్టుకుని కూర్చుంది.

ఎవరో షట్టర్ మీద మెల్లగా తట్టారు. ఎత్తి చూస్తే వెంకటేశం. వెనక కుర్రాళ్లు లేరు, మెడలో కండువా లేదు.

"నాకు గూడ ఒక వెబ్‌సైటు చెయ్యి బిడ్డా. రేపు పొద్దుగాల వరకు గావాలె."

"రేపు గూడ బందే గద కాకా?"

"ఇంటర్నెట్టుకు బందేంది? నువ్వే అంటివి గద!"

ప్రవళిక మౌసు పక్కకు జరిపింది. అలవాటు కొద్దీ తన మొదటి ప్రశ్నే అడిగింది.

"గిది ఎవలు చూడాలె?"

రాజేశం రోజుల తరబడి నీళ్లు నమిలిన ప్రశ్న అది. వెంకటేశం తడుముకోనే లేదు.

"ఇంకెవలు? గా కాల్బాదేవి సేటు."