సొట్టబుగ్గ

కొత్త కారు ఫొటో చూసిన దగ్గర్నుంచి ప్లీడరుగారు మండిపడుతూనే ఉన్నారు.

ఆదివారం ఉదయం. రిపేరు షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని పాతకార్ల క్లబ్బు కూర్చుంది. క్లబ్బంటే పెద్ద గుంపేం కాదు. అధ్యక్షులు ప్లీడరుగారు, పళ్ళ డాక్టరుగారు, లెక్కల టీచరమ్మ. ముగ్గురికీ ఒకటే పిచ్చి. నలభై ఏళ్ళ క్రితం చేత్తో కొట్టి తయారుచేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. కంపెనీ దాన్ని ఆరేళ్ళకే ఆపేసింది. మళ్ళీ ఎప్పుడు తెస్తారా అని వీళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారు. తీరా తెచ్చాక చూస్తే ఇదీ వరస.

"సొట్ట ఏదండీ?" అన్నారు ప్లీడరుగారు, ఫోను అందరి ముఖాల ముందూ తిప్పుతూ. "అసలు సొట్టేది?"

పాత కారు ఎడమ తలుపు మీద, హ్యాండిల్‌కి కాస్త కింద, నిమ్మచెక్కంత గుండ్రటి నొక్కు ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి కారుకీ ఉంటుంది. అందుకే దాన్ని ముద్దుగా సొట్టబుగ్గ అని పిలుచుకుంటారు. డిజైనరు తన కూతురి బుగ్గ చూసి ఆ సొట్ట పెట్టాడని డాక్టరుగారి నమ్మకం. ఎక్కడ చదివారో ఆయనకే గుర్తులేదు. కొత్త కారులో మాత్రం ఆ తలుపు అద్దంలా నున్నగా ఉంది.

దీపాలు పాడుచేశారని టీచరు, ఇంజను గొంతు నొక్కేశారని డాక్టరుగారు అప్పటికే గంటసేపు దుమ్మెత్తిపోశారు. దీపాల విషయంలో డాక్టరుగారు, ఇంజను విషయంలో టీచరు ఒప్పుకోలేదు. ఆ గొడవలో ఇద్దరి మధ్యా మాటలు కూడా ఆగిపోయాయి. సొట్ట దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అంతా ఒక్కటయ్యారు.

కంపెనీ కూడా ఒక మెట్టు దిగింది. అభిమానులు అంతగా కోరితే సొట్ట తిరిగి పెడతామని, మధ్యాహ్నంలోగా సంతకాలతో ఉత్తరం పంపమని కబురు పెట్టింది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళ సంతకం ఒక్కటైనా ఉండాలంది.

అలాంటి మనిషి వీళ్ళకు దొరికింది ఒక్కడే. ఆ షెడ్డు యజమాని. పెద్దాయన అంటారు అందరూ. ఈ కార్లకు రేకు పనైనా, రంగు పనైనా ఆయన తర్వాతే ఎవరైనా. కారు మొత్తం మెషీనుతో పాలిష్ చేసినా, ఎడమ తలుపు మీది నొక్కును మాత్రం వేలికి మెత్తటి గుడ్డ చుట్టుకుని తనే తుడుస్తాడు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు. ప్రేమంటే అదీ అని డాక్టరుగారు ఫొటోలు కూడా తీసి పెట్టుకున్నారు.

"మొదటి సంతకం మీదే, పెద్దాయనా," అంటూ ప్లీడరుగారు ఉత్తరం చేతికిచ్చారు.

పెద్దాయన నిలబడే చదివాడు. చదివి, మడిచి, కుర్చీ మీద పెట్టాడు.

"నేను పెట్టను. మీరూ పంపకండి."

ఎందుకని ముగ్గురూ ఒక్కసారే అడిగారు.

"అది అందం కాదు, తప్పు. ఇన్నాళ్ళకు ఎవరో సరిచేశారు. ఇంక వదిలెయ్యండి."

ప్లీడరుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ కార్ల వల్లే షెడ్డు నడుస్తోందని గుర్తుచేశారు. రేకులు కొట్టుకునేవాళ్ళకు అందం గురించి ఏం తెలుస్తుందన్నారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇన్నేళ్ళలో గొంతు పెంచని పెద్దాయన చేతిలోని గుడ్డను నేలకేసి కొట్టాడు. ఆ సొట్ట ఎలా వచ్చిందో తెలుసా అని అడిగాడు. ఎడమ తలుపు రేకును చెక్కతో చేసిన పెద్ద అచ్చు మీద పరిచి, దాని ఒంపులకు దిగేలా సుత్తులతో కొట్టేవాళ్ళు. మొదటి కారు ఇంకా బయటికి రాకముందే, ఒకరోజు ఆ అచ్చును గొలుసుతో పైకి లేపుతుంటే జారి పడి నొక్కుకుపోయింది. కొత్త అచ్చు చేయాలంటే రెండు నెలలు పనాగిపోతుంది.

"ఎవడు చూస్తాడులే అన్నారు. మర్నాడు పొద్దున్నే దాన్ని శుభ్రంగా కడిగించి, మళ్ళీ స్టాండు ఎక్కించారు. ఆ తర్వాత కొట్టిన ప్రతి తలుపుకీ ఆ నొక్కు దిగింది. అంతే మీ సొట్టబుగ్గ."

ప్లీడరుగారు కోర్టులోలాగే ఒక అడుగు ముందుకు వేశారు. "గొలుసు పట్టుకున్నదెవరు?"

"నేనే. పట్టు జారింది."

"అదీ సంగతి!" ప్లీడరుగారు తొడ చరిచారు. తన చేతకానితనం కప్పిపుచ్చుకోవడానికి ఇంత అందాన్ని చెరిపేయమంటాడా అని మిగతావాళ్ళను చూసి నవ్వారు. డాక్టరుగారైతే కూతురి కథను అప్పటికప్పుడే వదిలేశారు. ఇది దానికంటే గొప్పగా ఉందన్నారు. జారిన ఆ చేతికి దండం పెట్టాలంటూ పెద్దాయన కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపారు. ఈ సంగతి కూడా రాసేద్దామని ప్లీడరుగారు ఉత్తరం విప్పి, ఆయన సంతకానికి చోటు వదిలి రాయడం మొదలుపెట్టారు.

పెద్దాయన చేయి విదిలించుకున్నాడు.

నవ్వనిది టీచరు ఒక్కతే. ఆమె లేచి తన కారు దగ్గరికి వెళ్ళి, ఎడమ తలుపు మీద వేలు పెట్టి నొక్కు చుట్టూ ఒకసారి తిప్పింది.

"నేల మీద పడితే అంచు విరగాలి కదా, పెద్దాయనా. ఇంత గుండ్రంగా ఎలా నొక్కుకుంది?"

"నేల మీద పడలేదమ్మా," అన్నాడు పెద్దాయన, "సుత్తి పట్టుకుని కింద నిలబడ్డ మా తమ్ముడి మీద పడింది."