నాన్న గీసిన గీత

“మామయ్యా, నువ్వు తగ్గిపోయావ్!”

స్టూలెక్కిన మేనకోడలు ఒక చేత్తో అతని తల మీద అట్ట పుస్తకం ఆనించి, రెండో చేత్తో గుమ్మం మీది గీతని చూపిస్తోంది. సెలవులకు వచ్చిన దగ్గర్నుంచీ దానికి ఇదే ఆట.

అతను నవ్వుతూ వెనక్కి తిరిగి చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. పుస్తకానికీ గీతకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందుంది.

“నువ్వు సరిగ్గా పట్టుకోలేదే.”

“సరిగ్గానే పట్టుకున్నా!”

వంటింట్లో ఉన్న అమ్మని పిలిచాడు. మడమలు గుమ్మానికి ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అమ్మ కొలిచినా అంతే.

అది అతని పద్దెనిమిదో పుట్టినరోజున నాన్న గీసిన గీత. అంతవరకూ అతన్ని ‘పొట్టిగాడు’ అనని వాడు వీధిలో లేడు. ఆ రోజు నాన్న “కళ్ళు మూసుకో, కదలకు” అని కొలిచాడు. నెత్తిన ఆనిన ఆ చేతి వెచ్చదనం అతనికింకా గుర్తే. కళ్ళు తెరిచేసరికి అతని గీత నాన్న గీతతో సమానంగా ఉంది. ఇల్లు కట్టిన కొత్తలో నాన్న గీసుకున్న గీత అది. “నా అంతవాడివయ్యావు. ఇక కొలతలు చాలు,” అని నాన్న పెన్సిలు చెవి వెనక దోపుకున్నాడు. ఆ సాయంత్రం అతను వీధంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు. మళ్ళీ ఎప్పుడూ వంచిన తలతో నడవలేదు.

గీతే తప్పేమో అనుకోవడానికి లేదు. నాన్న వడ్రంగి. ఆయన తలుపు బిగిస్తే సందులో కాగితం దూరదు, గీత గీస్తే వెంట్రుకవాసి తేడా రాదు. అలాంటి మనిషికి నలభై దాటకముందే వెన్ను వంగిపోయింది.

“అమ్మా, నాన్నకి మొదలైంది కూడా ఇలాగేనా?”

“ముందు నడుం నొప్పి అన్నారు. తర్వాత...”

అతనికి కొన్ని నెలలుగా నడుం నొప్పి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కదా అని సరిపెట్టుకుంటున్నాడు. నిండా ముప్పై లేవు.

“నాన్నకి చెప్పకు. తన వెన్నే నాకొచ్చిందని కుమిలిపోతాడు.”

“మరి ఆ అమ్మాయికేం చెబుతావురా?”

ఆఫీసులో పక్క సీటు అమ్మాయి. పెళ్ళికి తన ఇంట్లో ఒప్పించి, ఇతని మాట కోసం చూస్తోంది.

“వద్దని చెప్పేస్తా. నాలుగేళ్ళు పోతే వంగిపోయేవాణ్ణి, ఆమె మెడకి గుదిబండ ఎందుకమ్మా?”

మర్నాడు డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి చూశాడు.

“ఈ వెన్ను గురించా మీ బెంగ? నిక్షేపంలా ఉంది. గంటల తరబడి కూర్చోకండి, రోజూ నడవండి. నొప్పి దానంతటదే దారికొస్తుంది.”

“మరి రెండు వేళ్ళు తగ్గాను కదండీ?”

“వెన్ను ఇలా ఉన్నవాళ్ళు తగ్గరు బాబూ. పాత కొలతే తప్పయి ఉంటుంది.”

అతనికి డాక్టరు మీద ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. ఎక్స్‌రే తప్పు చెబితే చెప్పొచ్చు గానీ, నాన్న గీత తప్పడమా! ఆ అమ్మాయికి ఏమని చెప్పాలో మాటలు వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు.

గుమ్మం దగ్గర మేనకోడలు ముక్కు ఎగబీలుస్తోంది.

“నేనస్సలు పెరగలేదు తాతయ్యా! పోయిన సెలవుల్లో గీసిన గీత దగ్గరే ఉన్నాను. అందరూ నన్ను బుడంకాయ్ అంటున్నారు.”

“అనేవాళ్ళకి కొలవడం వచ్చా ఏంటి? రా, నేను చూస్తా.”

నాన్న చిత్రిక పడుతున్న చెక్కని పక్కన పెట్టి, వంగిన నడుముతోనే నెమ్మదిగా వచ్చాడు. చెవి వెనక పెన్సిలు తీశాడు.

“కళ్ళు మూసుకో తల్లీ. కదలకు.”

పాప కళ్ళు గట్టిగా మూసుకుంది. వాకిట్లో చెప్పులు విప్పుతున్న అతను తలెత్తి చూశాడు.

పాప నెత్తికీ పెన్సిలుకీ మధ్య నాన్న రెండు వేళ్ళున్నాయి.